లాభాంశం జీతం కాదు

మన ఇళ్ళల్లో రిటైర్మెంటు డబ్బు గురించి మాటలు ఎలా జరుగుతాయో మీరూ చూసే ఉంటారు. హాల్లో మగవాళ్ళు షేర్లు, ఫండ్లు, రేట్లు అంటూ మాట్లాడుకుంటారు. మనం కాఫీలు ఇచ్చి, ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వచ్చేస్తాం. ఎవరైనా అడిగితే "అవన్నీ ఆయనే చూసుకుంటారండీ" అనే జవాబు నోట్లో తయారుగా ఉంటుంది.

కాని ఆ డబ్బుతో నెల నడపాల్సింది ఎవరు? పాలవాడికి, మందుల షాపుకి, కరెంటు బిల్లుకి సర్దేది ఎవరు? చాలా ఇళ్ళల్లో భార్య భర్త కంటే నాలుగైదేళ్ళు చిన్నది. ఆడవాళ్ళ ఆయుష్షు కూడా సగటున కాస్త ఎక్కువే. అంటే ఆ డబ్బు మీద ఆఖరి కొన్నేళ్ళు ఒంటరిగా బతకాల్సింది ఎక్కువగా మనమే. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. నెలవారీ ఇంటిఖర్చు వడ్డీ మీద నడవాలి, డివిడెండు మీద కాదు. డివిడెండు ఇచ్చే షేర్లూ ఫండ్లూ ఉండాలి, వద్దనను. వాటికి అప్పజెప్పాల్సిన పని వేరు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, మా బావగారు వచ్చే మార్చిలో 60 నిండి రిటైరవుతున్నారు. ప్రైవేటు కంపెనీ ఉద్యోగం. ఈపీఎస్ పెన్షను ఉందంటే ఉంది, 15,000 రూపాయల జీతం దగ్గర ఆపేసి లెక్కకట్టే పెన్షను అది. మందులకి సరిపోతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 60 లక్షల దాకా చేతికొస్తాయి. సొంత ఫ్లాటు ఉంది, పిల్లల చదువులు అయిపోయాయి. అక్క ఇంటిఖర్చు నెలకి 30,000. బావగారి ఆలోచన ఏమిటంటే, ఆ డబ్బులో ఎక్కువ భాగం మంచి డివిడెండు ఇచ్చే ప్రభుత్వ కంపెనీల షేర్లలో కొంత, నెలనెలా డివిడెండు ఇచ్చే ఫండులో కొంత పెట్టి, ఆ వచ్చే దాంతో హాయిగా బతకడం. వాళ్ళకి తెలిసిన ఏజెంటు ఒకాయన "నెలకి ఒక శాతం గ్యారంటీగా పడుతుంది సార్" అన్నాడట. అక్క నాకు ఫోన్ చేసి, "ఇది పెన్షన్ లాంటిదేనా, నువ్వు కాస్త చూసి చెప్పవే" అంది.

నేను చదివింది తెలుగు బీఏ. కామర్సు కాదు. కాని ఈ ప్రశ్నకి సగం జవాబు తెలుగులోనే ఉంది. డివిడెండుని మన పత్రికలు లాభాంశం అని రాస్తాయి. అంశం అంటే వాటా. లాభంలో వాటా. లాభం ఉంటే వాటా ఉంటుంది, లేకపోతే లేదు. లాభం ఉన్నా పంచాలా వద్దా అన్నది కంపెనీ డైరెక్టర్ల ఇష్టం. వడ్డీ అలా కాదు. అది అప్పు తీసుకున్నవాడు కట్టి తీరాల్సిన బాకీ. "ఈ ఏడు మాకు లాభం రాలేదు, వడ్డీ ఇవ్వం" అని పోస్టాఫీసు అనదు. కంపెనీ మాత్రం అనవచ్చు, అది తప్పు కూడా కాదు.

ఇది మాటల గారడీ కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. స్టేట్ బ్యాంకు కంటే నమ్మకమైన పేరు మన దేశంలో ఎన్ని ఉంటాయి? ఆ బ్యాంకు 2017-18, 2018-19, 2019-20 సంవత్సరాలకి, అంటే వరసగా మూడేళ్ళు, షేర్‌హోల్డర్లకి డివిడెండు ఇవ్వలేదు. మొదట మొండి బాకీల దెబ్బ. ఆఖరి ఏడాది కరోనా. 2020 ఏప్రిల్‌లో బ్యాంకులేవీ ఆ సంవత్సరానికి డివిడెండు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. అదే మూడేళ్ళలో అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నవాళ్ళకి మాత్రం వడ్డీ తేదీ తప్పకుండా పడింది. ఒకే బ్యాంకు, ఒకే గుమ్మం. ఒకరు అప్పిచ్చినవారిగా వెళ్ళారు, ఇంకొకరు వాటాదారుగా వెళ్ళారు. బ్యాంకు తర్వాత కోలుకుంది, డివిడెండు మళ్ళీ మొదలుపెట్టింది. షేరు ఓపికగా ఉంచుకున్నవాళ్ళు నష్టపోలేదు. కాని మూడేళ్ళు బియ్యం కొనకుండా ఓపిక పట్టగలమా?

ఇప్పుడు ఏజెంటు చెప్పిన "నెలకి ఒక శాతం" సంగతి చూద్దాం. పది లక్షలు పెడితే నెలకి 10,000, ఏడాదికి లక్షా 20 వేలు. వినడానికి బాగుంది. ఆ ఏడాది ఫండు సంపాదించింది 7 శాతమే అనుకోండి. అంటే 70,000. మరి మిగతా 50,000 ఎక్కడివి? మనం పెట్టిన పది లక్షల్లోవే. మన డబ్బే మనకిచ్చి దానికి డివిడెండు అని పేరు పెట్టారన్నమాట. అందుకే సెబీ 2021 ఏప్రిల్ 1 నుంచి మ్యూచువల్ ఫండ్లలో "డివిడెండ్ ఆప్షన్" అన్న పేరే తీసేయించింది. ఇప్పుడు దాని పేరు ఐడీసీడబ్ల్యూ, ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్. ఆదాయం పంచడంతో పాటు అసలు వెనక్కి ఇవ్వడం అని అర్థం. ఇంత పొడుగు పేరు పెట్టిందే మనలాంటివాళ్ళకి ఆ సంగతి తెలియాలని. ఏజెంట్లు మాత్రం ఇంకా డివిడెండనే అంటున్నారు.

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి విత్తనాల వడ్లు తెలుసు. ఎంత కరువొచ్చినా ఆ గాబు మీద చెయ్యి వెయ్యరు. ఆ వడ్లు దంచుకుని తింటే ఆ పూట అన్నం బాగానే ఉంటుంది. రుచిలో తేడా కూడా తెలియదు. పొలం దున్నే వేళకి తెలుస్తుంది. నెలనెలా డివిడెండు పేరుతో వచ్చేదాంట్లో పంట ఎంత, విత్తనం ఎంత అని అడగడం మనకి రావాలి. గ్యారంటీ అన్న మాట విన్నప్పుడు ఇంకా గట్టిగా అడగాలి. షేర్లలో పెట్టే ఏ మ్యూచువల్ ఫండూ ఇంత రాబడి ఖాయమని హామీ ఇవ్వడానికి వీల్లేదు. "అది కాగితం మీద రాసివ్వండి" అంటే చాలు, గ్యారంటీ మాయమవుతుంది.

మరి అక్క ఇంటిఖర్చు దేనిమీద నడవాలి? నేను వేసి ఇచ్చిన లెక్క ఇది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఒక్కరు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం. చేరిన రోజు ఉన్న రేటే అయిదేళ్ళూ ఉంటుంది. మూడు నెలలకోసారి 61,500 పడుతుంది, అంటే నెలకి 20,500. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఇద్దరి పేరునా జాయింటుగా 15 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 7.4 శాతం చొప్పున నెలకి 9,250. రెండూ కలిపితే 29,750. అక్క ఖర్చుకి 250 తక్కువ. ఆ 250కి ఈపీఎస్ పెన్షను ఉంది.

ఇదే 45 లక్షలు నిఫ్టీ 50 కంపెనీల్లో పెడితే డివిడెండుగా వచ్చేది సాధారణంగా ఏడాదికి ఒకటి, ఒకటిన్నర శాతం. ఒకటిన్నరే వేసుకున్నా నెలకి 5,625. ఎక్కువ డివిడెండు ఇచ్చేవాటినే ఏరి, 5 శాతం వచ్చేలా పెట్టారనుకుందాం. అప్పటికీ నెలకి 18,750. అదీ ప్రతి నెలా రాదు. కంపెనీ ఇచ్చినప్పుడే వస్తుంది.

అయితే బావగారు నాతో అన్న మాట ఒకటుంది. దాన్ని కొట్టిపారెయ్యలేను. "నువ్వు చెప్పిన 29,750 పదేళ్ళ తర్వాత కూడా 29,750యేనమ్మా. అప్పటికి కందిపప్పు ఇదే ధర ఉంటుందా?" అన్నారు. నిజమే. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే ఇప్పటి 30,000 ఖర్చు 12 ఏళ్ళకి 60,000 అవుతుంది. వడ్డీ పథకాలకి ఉన్న లోపం అదే. అవి ఇవాళ్టి ఆకలి తీరుస్తాయి గాని, అక్కకి 68 ఏళ్ళు వచ్చేసరికి పెరిగే ఖర్చుకి తోడురావు. పైగా అయిదేళ్ళ తర్వాత మళ్ళీ వేసేటప్పుడు ఏ రేటు ఉంటుందో అదే తీసుకోవాలి.

షేర్లు కావాల్సింది అందుకే. మంచి కంపెనీ డివిడెండు ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది, దాంతోపాటు షేరు విలువా పెరుగుతుంది. కాబట్టి మిగిలిన 15 లక్షల్లో 3 లక్షలు ఆసుపత్రి ఖర్చులకి, అత్యవసరానికి బ్యాంకులో ఉంచి, 12 లక్షలు షేర్ల వైపు పెట్టమన్నాను. ఒక్కసారిగా కాదు, ఏడాది, ఏడాదిన్నర పాటు నెలకి కొంత చొప్పున. అందులోంచి మొదటి ఏడెనిమిదేళ్ళు ఒక్క రూపాయి ఇంట్లోకి తెచ్చుకోకూడదు. వచ్చిన డివిడెండు మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇది వెనకటి వయసు కోసం పెంచుకునే చెట్టు.

60 లక్షల్లో 12 లక్షలంటే మరీ పిరికి లెక్క అనేవాళ్ళుంటారు. ఇంట్లో ప్రభుత్వ పెన్షను, దానిమీద డీఏ వస్తుంటే, లేదా రెండు వాటాల అద్దె వస్తుంటే, అన్నం గిన్నె అప్పటికే నిండి ఉన్నట్టు. వాళ్ళు షేర్లలో ఎక్కువ పెట్టుకోవచ్చు. అక్కకి ఆ వీలు లేదు.

ఇక ఆ 12 లక్షలకి కంపెనీలని, ఫండ్లని ఎలా ఎంచాలి అంటే, సంబంధం చూసేటప్పుడు మన పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నల్లాంటివే అడగాలి.

మొదటిది, వాళ్ళు చేసే వ్యాపారం చెడ్డకాలంలో కూడా నడిచేదేనా? సబ్బు, టీపొడి కొనడం ఎవరూ మానరు. హిందుస్థాన్ యూనిలీవర్ ఏళ్ళ తరబడి డివిడెండు ఇస్తూ రావడానికి కారణం అదే. కరెంటు మోసుకెళ్ళే లైన్ల మీద బతికే పవర్ గ్రిడ్‌కి రావాల్సిన ఛార్జీలని చాలావరకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. కాబట్టి ఆదాయంలో పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. వీటిని కొనమని చెప్పడం లేదు. నిలకడ ఎక్కడినుంచి వస్తుందో చూపిస్తున్నానంతే.

రెండోది, పదేళ్ళుగా ఆపకుండా ఇస్తున్నారా? ఒక్క ఏడాది లెక్క చూసి మురిసిపోకూడదు. 2014 జనవరిలో కోల్ ఇండియా ఒక్కో షేరుకి 29 రూపాయలు ఒకేసారి ఇచ్చింది. ప్రతి ఏడూ అంతే వస్తుందని ఎవరైనా ఇల్లు నడపడానికి లెక్కవేసుకుని ఉంటే ఇబ్బందిపడేవారే. అదే షేరు 2010లో 245 రూపాయలకి మార్కెట్లోకి వచ్చి, 2015లో 400 దాటి, 2020లో 150 కంటే కిందికి పడింది. తర్వాత మళ్ళీ లేచింది. ఇన్నేళ్ళూ డివిడెండు ఇస్తూనే ఉంది. కాని 2020లో ఆపరేషనుకని అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళకి ఆ డివిడెండ్లు ఓదార్పు మాత్రమే.

మూడోది, లాభంలో ఎంత పంచుతున్నారు? పది రూపాయలు సంపాదించి అయిదారు ఇస్తే సంసారపక్షం. పది సంపాదించి పన్నెండు ఇస్తున్నారంటే, అప్పుచేసి పెళ్ళి భోజనాలు పెడుతున్నట్టే. అప్పులు ఎంతున్నాయో కూడా అందుకే చూడాలి. ఇవన్నీ కంపెనీ వార్షిక నివేదికలో ఉంటాయి. పిల్లలని అడిగితే ఫోనులో తీసి చూపిస్తారు.

నాలుగోది, డివిడెండు శాతం మరీ ఎక్కువగా ఉందా? 100 రూపాయల షేరుకి 4 రూపాయలిస్తే 4 శాతం. ఆ కంపెనీకి ఏదో కష్టమొచ్చి షేరు 50కి పడిపోతే, పాత 4 రూపాయలతో లెక్కకట్టి అదే కంపెనీ 8 శాతం ఇస్తోందని పట్టికలో చూపిస్తారు. థర్మామీటర్లో అంకె పెరిగితే సంతోషిస్తామా? ముందు ఒళ్ళు పట్టి చూస్తాం. ఇక్కడా అంతే.

అయిదోది, ఎంత బాగున్నా ఒక్కదాంట్లోనే అంతా పెట్టకూడదు. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కూడా డివిడెండు ఇచ్చిన కంపెనీయే. 2009 జనవరి 7న లెక్కలన్నీ దొంగవని చైర్మనే ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజులో షేరు విలువలో నాలుగింట మూడు వంతులు పోయింది. అందుకే అక్కకి చెప్పింది, 12లో 9 లక్షలు ఫండ్లలో, 3 లక్షలు ఆరు కంపెనీల్లో, కంపెనీకి 50,000 మించకుండా.

ఫండ్లలో కూడా పేర్లు చూసి మోసపోకూడదు. డివిడెండ్ యీల్డ్ ఫండు అంటే మనకి డివిడెండు ఇచ్చే ఫండు అనుకుంటారు చాలామంది. కాదు. డివిడెండు బాగా ఇచ్చే కంపెనీల షేర్లు కొనే ఫండు అది. కనీసం 65 శాతం షేర్లే ఉంటాయి, కాబట్టి మార్కెట్ పడితే అదీ పడుతుంది. కన్సర్వేటివ్ హైబ్రిడ్ ఫండులో షేర్లు 10 నుంచి 25 శాతమే, మిగతాది బాండ్లు. కుదుపు తక్కువ, పెరుగుదలా తక్కువే. ఇక బాండ్ల ఫండు అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ ఫండ్లని మూసేసింది. ఆ డబ్బు తర్వాత విడతలవారీగా తిరిగొచ్చింది గాని, నెలనెలా తీసుకోవాల్సినవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఏ ఫండైనా గ్రోత్ ఆప్షనులో పెట్టి, అవసరం వచ్చినప్పుడు సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాను ద్వారా మనకి కావలసినంత మనమే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎంత తీస్తున్నామో, అందులో అసలు ఎంతో మన కళ్ళెదుట ఉంటుంది. పన్ను సంగతి కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండంతా మన ఆదాయంలో కలుస్తుంది, మన స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. షేర్ల ఫండు ఏడాది దాటాక అమ్మితే లాభం మీదే పన్ను, అదీ ఏడాదికి లక్షా 25 వేలు దాటిన లాభానికి 12.5 శాతం. అక్కావాళ్ళ ఆదాయానికి ఇదేమంత తేడా తేదు గాని, పెద్ద పెన్షన్లు వచ్చే ఇళ్ళకి తేడా ఉంటుంది.

నేను అన్నిటికంటే పట్టుబట్టింది మాత్రం పేర్ల దగ్గర. సీనియర్ సిటిజన్ ఖాతా భార్యతో జాయింటుగా తెరవచ్చు. జాయింటు గాని, ఏకైక నామినీ గాని అయితే ఆయన తర్వాత నిబంధనల మేరకు భార్య ఆ ఖాతాని కొనసాగించుకోవచ్చు. డీమ్యాట్ ఖాతాకి నామినీ ఒక్కటే చాలదు. నామినీ అయినంత మాత్రాన షేర్లకి సొంతదారు అయిపోరని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే వీలునామా కూడా రాయాలి. ఇంకొకటి, ఏడేళ్ళపాటు ఎవరూ తీసుకోని డివిడెండు ప్రభుత్వ ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండుకి వెళ్ళిపోతుంది. వరసగా ఏడేళ్ళు అలా జరిగితే షేర్లు కూడా వెళ్ళిపోతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు గాని, కాగితాలతో తిరగాలి. భర్త పోయాక ఏ షేర్లున్నాయో తెలియక అలా వదులుకున్న ఇల్లాలు మన చుట్టాల్లోనే ఉండొచ్చు. ఆవిడకి ఆ షేర్లు ఉన్నట్టే తెలియదు కాబట్టి చెప్పుకోలేదు కూడా.

అందుకే ఇది "ఆయన చూసుకునే" విషయం కాదంటాను. ఒక నోటుబుక్కులో ఖాతాలన్నీ రాయించుకోండి. ఎక్కడ, ఎంత, ఎవరి పేరున, నామినీ ఎవరు, ఎప్పుడు తీరుతుంది. ఆయన చేత్తోనే రాయించండి, మీరు పక్కన కూర్చుని ఒక్కోటి ఏమిటో అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

బావగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. షేర్లలో 12 కాదు, 20 పెడతానంటున్నారు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి. కాని ఆ మాటలు జరుగుతున్నప్పుడు అక్క ఈసారి హాల్లోనే కూర్చుంటోంది. ఆ 8 లక్షలు ఎందులోంచి తీస్తారని ఆవిడే అడుగుతోంది.